సరిహద్దు దాటితే బండి రూలే వేరు... మీకు తెలుసా?

పదేళ్లుగా హైదరాబాద్ ట్రాఫిక్‌లో బండి తోలుతున్నారా? బెజవాడ బెంజి సర్కిల్‌ని ఒంటిచేత్తో దాటేస్తారా? శభాష్! ఇప్పుడు ఒక్కసారి విమానం ఎక్కి వేరే దేశంలో దిగండి. అంతే, మీరు మళ్లీ ఎల్‌బోర్డు! బండి అదే, బ్రేకు అదే, రూలు మాత్రం కొత్తది. ఎంత కొత్తదో చూద్దామా? కిక్ కొడుతున్నాం, గట్టిగా పట్టుకోండి!

కాగితాల కిరికిరి

మీకు తెలుసా? అర్జెంటీనాకు చెందిన ఎమిలియో స్కాటో 1985లో బైకెక్కి 1995లో దిగాడు! మధ్యలో 214 దేశాలు, ప్రాంతాలు. మొత్తం 7,35,000 కిలోమీటర్లు. గిన్నిస్ రికార్డు! చంద్రుడి దాకా వెళ్లి, దాదాపు ఇంటికి తిరిగొచ్చేసేంత దూరం. సర్వీసింగ్ ఎన్నిసార్లు చేయించాడో మాత్రం అడక్కండి!

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అంటే ప్రపంచమంతా ఒకటే అనుకుంటున్నారా? కాదు! 1926 ఒప్పందానిది ఒకటి, 1949ది ఒకటి, 1968ది ఒకటి. మన దేశం ఇచ్చేది 1949 రకం, గడువు ఏడాది. పర్మిట్‌లోనూ మోడళ్లున్నాయండోయ్!

మరి ఈ 1949 పర్మిట్ పట్టుకుని వియత్నాం వెళితే? చెల్లదు! ఆ దేశం ఒప్పుకునేది 1968 పర్మిట్‌నే. మన పుస్తకం అక్కడ అందమైన జ్ఞాపిక!

కానీ మీకు తెలుసా? అదే వియత్నాంలో 50 సీసీ లోపు బండికి లైసెన్సే అక్కర్లేదు! పెద్ద తలుపు మూసి, చిన్న కిటికీ తెరిచారన్నమాట.

చైనాలో ఏ పర్మిట్ చెల్లుతుంది? 1926దా, 1949దా, 1968దా? ఏదీ చెల్లదు! చైనా లైసెన్స్ తీసుకోవాల్సిందే. మూడు ఆప్షన్లూ తప్పయిన ప్రశ్న ఇదొక్కటే!

మన పర్మిట్‌లో 'ఏ' అనే గడిలో ముద్ర పడితేనే బైక్ నడపొచ్చు. కారు గడిలో మాత్రమే ముద్ర ఉంటే పరాయి దేశంలో స్కూటీ తోలినా మీరు లైసెన్స్ లేనివాళ్ల కిందే లెక్క. ఇన్సూరెన్స్ కంపెనీ ముందుగా వెతికేదీ ఆ గడినే!

అదే 'ఏ' గడిలో ఇంకేముందో మీకు తెలుసా? ఖాళీ బరువు 400 కిలోలు మించని మూడు చక్రాల బండి! ఆటో అన్నలూ, వింటున్నారా?

ఈ అంతర్జాతీయ పర్మిట్ చెల్లని దేశం ఇంకొకటుంది. ఏదో చెప్పుకోండి! ఇచ్చిన దేశమే! మనకిచ్చిన పర్మిట్ మన దేశంలోనే చెల్లదు. బయట ఎంత వెలిగినా, అమీర్‌పేట ట్రాఫిక్ పోలీసుకి మామూలు లైసెన్సే చూపాలి!

ఉద్యోగం విదేశంలో, పర్మిట్ గడువు అక్కడే అయిపోయింది. ఇప్పుడెలా? టికెట్ బుక్ చేయకండి! 2021 నుంచి అక్కడి మన రాయబార కార్యాలయంలోనే కొత్తదానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. విమానం చార్జీ మిగిలింది, బైక్‌కి కొత్త టైర్లొచ్చాయి!

జపాన్‌లో ఇంటర్నేషనల్ పర్మిట్‌కి ఏడాదే ఆయువు. ఓసారి బయటికెళ్లొస్తే మళ్లీ ఏడాది వస్తుందిగా అనుకున్నారా? అక్కడ కాపురమున్నవాళ్లు 3 నెలల లోపు తిరిగొస్తే లెక్క మళ్లీ మొదలవదు! సంక్రాంతికొచ్చి ముక్కనుమ నాడు వెళ్లిపోయేవాళ్లకి ఈ చిట్కా పనికిరాదు!

కాపురం పెట్టాక స్వదేశీ లైసెన్స్‌తో ఎన్నాళ్లు తిరగొచ్చు? బ్రిటన్‌లో 12 నెలలు. జర్మనీలో 6 నెలలే! జర్మన్ భాషలో వంద దాకా లెక్కపెట్టడం వచ్చేలోపు గడువు అయిపోతుంది!

కువైట్‌లో విదేశీయుడికి లైసెన్స్ కావాలంటే బండి నడపడం వస్తే సరిపోదు, తెలుసా? సాధారణంగా డిగ్రీ, నెలకి 600 దీనార్ల జీతం, రెండేళ్ల నివాసం చూపాలి. కొన్ని వృత్తులకే మినహాయింపు. క్లచ్‌కీ కాన్వొకేషన్‌కీ ముడిపెట్టిన దేశం అది!

పరీక్ష హాల్లో పల్టీలు

మన దగ్గర 'ఎనిమిది' వేస్తే పాస్. జపాన్‌లో? 15 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పున్న గట్టు మీద బైక్ నడపాలి. పెద్ద బండైతే కనీసం 10 సెకన్లు పట్టాలి. అవును, త్వరగా దాటితే మార్కులు పోతాయి! నెమ్మదిగా వెళ్లడమే కష్టమని తేల్చిన పరీక్ష!

విదేశీ లైసెన్స్‌ని జపాన్ లైసెన్స్‌గా మార్చుకోవడానికి ఒకప్పుడు 10 ప్రశ్నలు, 7 రైటయితే పాస్. 2025 అక్టోబరు నుంచి 50 ప్రశ్నలు, 45 రైటవ్వాలి. ఎంసెట్ రాసినవాళ్లకి పాత రోజులు గుర్తొస్తాయి!

బ్రిటన్ పరీక్షలో ఒక విన్యాసం గంటకు 50 కిలోమీటర్ల వేగంతో చేయాలి. అంటే 31 మైళ్లు. కానీ ఊళ్లో మామూలు పరిమితి 30 మైళ్లు! పరీక్ష పాసవ్వాలంటే చట్టం తప్పాలి. ఏం చేశారో తెలుసా? 2009లో రోడ్డుకి దూరంగా ప్రత్యేక మైదానాల్లోకి మార్చారు. ఒక్క మైలు ఎంత పనిచేసిందో!

సింగపూర్‌లో లైసెన్స్ మెట్లెక్కాలి. ముందు 200 సీసీ దాకా, ఏడాది ఆగి 400 సీసీ దాకా, ఇంకో ఏడాది ఆగి పెద్ద బండి. ఇంటర్, డిగ్రీ, పీజీ అన్నమాట!

యూరప్‌లో ఎంత పెద్ద బైక్‌కైనా నేరుగా లైసెన్స్ రావాలంటే సాధారణంగా 24 ఏళ్లు నిండాలి. మన దగ్గర మగపిల్లాడి పెళ్లికి 21 చాలు. ఏది ఎక్కువ బాధ్యతో తేల్చేశారు!

థాయ్‌లాండ్‌లో రోడ్డెక్కక ముందే రంగులు గుర్తుపట్టే పరీక్ష, ఎంత వేగంగా బ్రేకు తొక్కుతారో చూసే పరీక్ష, దూరం అంచనా వేసే పరీక్ష, పక్కచూపు పరీక్ష! పక్కచూపులకి మార్కులిచ్చే చోటు ఇంకెక్కడుంది?

కెనడాలోని ఒంటారియోలో కొత్తగా బైక్ నేర్చుకునేవాళ్లు సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే నడపాలి. లైసెన్స్ జేబులో ఉంటే సరిపోదు, పంచాంగం కూడా ఉండాలి!

నెత్తి మీద కిరీటం

హెల్మెట్ చట్టాల వెనక బ్రిటిష్ సైనికాధికారి 'లారెన్స్ ఆఫ్ అరేబియా' ఉన్నాడని మీకు తెలుసా? 1935లో ఆయన బైక్ ప్రమాదంలో తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. చికిత్స చేసిన వైద్యుల్లో ఒకరైన హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత హెల్మెట్ల మీద పరిశోధన మొదలుపెట్టాడు. బ్రిటన్ చట్టం తెచ్చిందెప్పుడు? 1973లో! 38 ఏళ్లు ఆలోచించారు!

బైక్ నడిపేవాళ్లు హెల్మెట్ పెట్టుకోవాల్సిందేనని 1961లోనే చట్టం తెచ్చిన చోటు ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం. అక్కడి మెల్‌బోర్న్‌లో ఉన్న తెలుగువాళ్లకి సాకులు చెప్పే చాన్స్ 60 ఏళ్ల క్రితమే పోయింది!

2009లో నైజీరియా హెల్మెట్ తప్పనిసరి చేసింది. ధర చూసి కొందరు బైక్ ట్యాక్సీవాళ్లు ఏం పెట్టుకున్నారో తెలుసా? ఎండిన ఆనపకాయ బుర్రలు! ఐఎస్‌ఐ మార్కు సంగతి దేవుడెరుగు, పులుసు పెట్టుకునే చాన్సూ పోయింది!

సుమారు 10 కోట్ల జనం, 7 కోట్లకు పైగా రిజిస్టరైన బైకులు. ఏ దేశం? వియత్నామే! 2007 డిసెంబరు 15న అక్కడ హెల్మెట్ తప్పనిసరైంది. నిన్నటి దాకా జుట్టు కనిపించిన రోడ్డంతా తెల్లారేసరికి హెల్మెట్లే!

హెల్మెట్ వల్ల ఎంత లాభం? చావు ముప్పు సుమారు 42 శాతం, తలకి గాయమయ్యే ముప్పు సుమారు 69 శాతం తగ్గుతాయని పరిశోధనల సారాంశం. ఇంత డిస్కౌంట్ ఆషాఢంలో కూడా ఇవ్వరు!

అమెరికాలోని ఫ్లోరిడాలో 21 ఏళ్లు నిండి, కనీసం 10,000 డాలర్ల వైద్య బీమా ఉంటే హెల్మెట్ లేకుండా నడపొచ్చు! తల పగిలినా పరవాలేదు, బిల్లు కట్టేవాళ్లుంటే చాలన్నమాట. ఆ దేశంలో ఆసుపత్రి బిల్లు చూసినవాళ్లకి ఆ 10,000 డాలర్లు ఎన్ని గంటలకొస్తాయో తెలుసు!

న్యూ హ్యాంప్‌షైర్‌లో పెద్దలకి హెల్మెట్ చట్టమే లేదు. ఆ రాష్ట్రం నంబరు ప్లేట్ల మీద ఏం రాసి ఉంటుందో తెలుసా? స్వేచ్ఛగా బతుకు, లేదా చావు అని! హెల్మెట్ లేనివాళ్లకి రెండు ఆప్షన్లూ అందుబాటులోనే ఉన్నాయి!

తలపాగా ఉన్న సిక్కులకి బ్రిటన్‌లో 1976 నుంచీ హెల్మెట్ మినహాయింపు ఉంది. మన దేశంలోనూ ఉంది. జర్మనీలో? 2019లో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం కుదరదు పొమ్మంది. తల ఒకటే, తీర్పులు రెండు!

ఫ్రాన్స్‌లో మంచి హెల్మెట్ కొంటే సరిపోదు. ముందొకటి, వెనకొకటి, పక్కలకి రెండు, మొత్తం నాలుగు మెరిసే స్టిక్కర్లుండాలి. పెళ్లికొడుకు బుగ్గన చుక్క ఒకటే, ఇక్కడ నాలుగు!

ఒంటి మీద యూనిఫాం

ఫ్రాన్స్‌లో 2016 నుంచి నడిపేవాళ్లకీ వెనక కూర్చున్నవాళ్లకీ చేతికి తొడుగులు తప్పనిసరి. లేకపోతే 68 యూరోల జరిమానా. ఆ డబ్బుతో ఓ జత కొనుక్కోవచ్చు!

బెల్జియం ఇంకో అడుగు ముందుకేసింది. 2011 నుంచి తొడుగులు, పొడుగు చేతుల కోటు, కాళ్లు పూర్తిగా కప్పే ప్యాంటు, చీలమండ దాకా బూట్లు. లుంగీ కట్టుకుని పాలప్యాకెట్‌కి వెళ్లే సుఖం అక్కడ లేదు!

రోడ్డెక్కితే రోలర్ కోస్టర్

కార్ల వరసల మధ్యలోంచి దూరిపోవడం చట్టబద్ధమని పుస్తకంలో రాసుకున్న మొదటి అమెరికా రాష్ట్రం కాలిఫోర్నియా. 2017 నుంచి! మనవాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్యకి అక్కడ చట్టం కావాల్సొచ్చింది!

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లోనూ దూరొచ్చు. కానీ వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదు. దూరడానికీ స్పీడ్ లిమిటే!

దక్షిణ కొరియాలో 1972 నుంచి ఎక్స్‌ప్రెస్‌వేల మీద బైకులకి ప్రవేశం లేదు! 200 సీసీ బండైనా, 1,800 సీసీ బండైనా పక్కదారే. ధర బట్టి కాదు, చక్రాల లెక్క బట్టి మర్యాద!

జపాన్‌లో 125 సీసీ దాటితేనే ఎక్స్‌ప్రెస్‌వే. మరో ముచ్చట: వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కడం 2005 దాకా నిషేధం! కొత్త జంటలు ఎన్నేళ్లు రైలెక్కాయో!

చైనాలోని గ్వాంగ్‌జౌ నగరం 2007 జనవరి నుంచి ఊళ్లో మోటార్ సైకిళ్లనే నిషేధించింది. లైసెన్స్ సంపాదించి, బండి కొని, పార్కింగ్‌లో పెట్టి చూసుకోవచ్చు!

తైవాన్‌లో 2 కోట్ల 30 లక్షల జనానికి సుమారు 1 కోటి 40 లక్షల స్కూటర్లు. చాలా కూడళ్లలో ఎడమకి నేరుగా తిరగకూడదు. ముందు తిన్నగా వెళ్లి, గీసిన గడిలో ఆగి, అటువైపు సిగ్నల్ పడ్డాక కదలాలి. ఒక మలుపు, రెండు సిగ్నళ్లు! ఓపిక పరీక్ష లైసెన్స్ వచ్చాక పెడతారు!

జపాన్‌లోని ఒకినావా 1978 జూలై 30న కుడివైపు నుంచి ఎడమవైపు డ్రైవింగ్‌కి మారిపోయింది. రాత్రి పడుకున్నప్పుడు రైటు, లేచేసరికి రాంగు!

సమోవా 2009లో అదే పని చేసింది. జాగ్రత్త కోసం రెండు రోజులు సెలవిచ్చారు, మూడు రోజులు మందు అమ్మకాలు ఆపారు. ఏ వైపు నడపాలో మామూలుగానే గుర్తుండని రోజులవి మరి!

ప్యారిస్‌లో 12 వీధులు కలిసే ఆర్క్ డి ట్రయంఫ్ కూడలిలో లోపల తిరిగేవాళ్లు ఆగి, కొత్తగా దూరేవాళ్లకి దారివ్వాలి! అభిమన్యుడికి లోపలికెళ్లడమైనా కష్టమైంది, ఇక్కడ అదీ సులువే. బయటికి రావడమే!

ఫ్రాన్స్‌లో దారిచ్చిన కారువాలాకి బైకర్లు థాంక్స్ ఎలా చెబుతారో తెలుసా? కాలు చాపి! కుడి చెయ్యి యాక్సిలరేటర్ మీద ఉంటుందిగా. అక్కడ మర్యాద, మన దగ్గర చేస్తే పంచాయితీ!

భూటాన్ రాజధాని థింఫూలో ట్రాఫిక్ లైట్లే లేవు. పోలీసు చేతి సైగలే సిగ్నల్. ఆరంజ్ లైట్ పడిందని స్పీడు పెంచే అలవాటున్నవాళ్లకి అక్కడ పని లేదు!

మలేషియాలో పెద్ద హైవేల మీద బైకులకి టోల్ లేదు. పైగా వానొస్తే తల దాచుకోవడానికి వంతెనల కింద షెడ్లు! కార్లవాళ్లు డబ్బు కట్టి వెళుతుంటే మనం ఊరికే వెళ్లి వానని చూస్తూ నిలబడొచ్చు!

కరాచీలో అప్పుడప్పుడూ 'డబుల్ సవారీ' నిషేధం. కొలంబియా నగరాల్లో వెనక సీట్లో మగవాళ్లు కూర్చోకూడదని ఆంక్షలు పెట్టిన సందర్భాలున్నాయి. బైక్ మీదొచ్చి కాల్చి పారిపోయేవాళ్లు ఎక్కువై తెచ్చిన రూలు. ఫ్రెండ్‌కి లిఫ్ట్ ఇవ్వాలన్నా వార్తలు చదవాలి!

ఆస్ట్రియాలోని టిరోల్ కొండల్లో కొన్ని రోడ్ల మీద 2020 నుంచి వేసవిలో ఓ నిషేధం. బండి పత్రాల్లో శబ్దం 95 డెసిబెల్స్ దాటి ఉంటే రావద్దు! సైలెన్సర్ పీకేసి తిరిగే తమ్ముళ్లు ఆ కొండల్ని టీవీలోనే చూసుకోవాలి!

ఫిన్లాండ్‌లో పెద్ద తప్పులకి జరిమానా ఆదాయాన్ని బట్టి. 1921 నుంచీ ఇదే పద్ధతి! ఇంక్రిమెంట్ వచ్చిందంటే ఫైన్‌కీ ఇంక్రిమెంట్!

జపాన్‌లో తాగి నడిపినవాడికే కాదు, బండి ఇచ్చినవాడికీ, మందు పోసినవాడికీ, తెలిసి వెనక కూర్చున్నవాడికీ శిక్షే! 2007 నుంచి. పార్టీ ఒక్కరిది, కేసు అందరిదీ!

ప్లేటు మీద పజిల్

జర్మనీలో బైక్‌కి సీజన్ నంబరు ప్లేటు దొరుకుతుందని మీకు తెలుసా? 04, 10 అని రాసుంటే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే రోడ్డెక్కాలి. మిగతా నెలల్లో వీధిలో పార్క్ చేసినా తప్పే! మామిడికాయకే కాదు, బండికీ సీజనుంది!

అక్కడి మోపెడ్లకి ఏటా మార్చి 1న కొత్త బీమా ప్లేటు. అక్షరాల రంగు ఒక ఏడు నలుపు, మరో ఏడు నీలం, ఇంకో ఏడు ఆకుపచ్చ. రంగు పాతదైతే పోలీసుకి వీధి చివరి నుంచే తెలిసిపోతుంది!

థాయ్‌లాండ్‌లో ట్యాక్స్ స్టిక్కర్ మీద 2569 అని ఉంటుంది. ఇంకా 543 ఏళ్లుందిలే అని నిద్రపోకండి! అది బౌద్ధ శకం. మన లెక్కలో 2026!

జపాన్ ఫిట్‌నెస్ స్టిక్కర్ మీదేమో 8 అని ఉంటుంది. చక్రవర్తి శకంలో ఎనిమిదో ఏడు. అదీ 2026నే! ఒక ఏడాదికి ఎన్ని మారువేషాలో!

బ్రిటన్‌లో ఒకప్పుడు బైక్ ముందు మడ్‌గార్డ్ మీద కత్తిలాంటి నంబరు ప్లేటు ఉండేది. ముద్దుపేరు 'పాదచారుల్ని కోసేది'! 1975లో తప్పనిసరి కాదన్నారు. 2001 సెప్టెంబరు తర్వాత రిజిస్టరైన బండికైతే ముందు ప్లేటే ఉండకూడదు!

సింగపూర్‌లో బండి కొనే ముందు, బండి ఉంచుకునే హక్కుని వేలంలో కొనాలి. పదేళ్లకి! 2022 నవంబరులో బైక్ హక్కు ఒక్కటే 13,000 సింగపూర్ డాలర్లు దాటింది. సుమారు ఏడున్నర లక్షల రూపాయలు. ఇంకా బండి కొనలేదండోయ్!

గల్ఫ్ ఎండలో గేర్లు

కువైట్‌లో నడివేసవిలో పగలు 11 నుంచి సాయంత్రం 4 దాకా డెలివరీ బైకులు రోడ్డెక్కకూడదు. అక్కడ ఎండ కూడా ట్రాఫిక్ పోలీసే!

దుబాయ్‌లో డెలివరీ కుర్రాళ్ల కోసం 40 ఏసీ విశ్రాంతి గదులు కట్టారు. నిజామాబాద్, జగిత్యాల నుంచి వెళ్లిన తమ్ముళ్లూ, బిర్యానీ వేడిగా ఉండాలి, మీరు చల్లగా ఉండాలి!

2025 నవంబరు నుంచి అదే దుబాయ్‌లో అయిదు, అంతకు మించి లేన్లున్న రోడ్ల మీద ఎడమ చివరి రెండు ఫాస్ట్ లేన్లలోకి డెలివరీ బైకులు వెళ్లకూడదు. ఆర్డర్ అయిదు నిమిషాలు లేటా? తిట్టకండి, ఐదు చుక్కల రేటింగ్ ఇవ్వండి!

ఇక మన దగ్గరికొచ్చిన విదేశీయుడి వంతు

మన బైకుల వెనక చక్రానికి ఉండే జాలీ ఏమిటని విదేశీయులు తలపట్టుకుంటారు. చీర గార్డు! వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రం కప్పాలని మన మోటారు వాహనాల నియమం 123లోనే ఉంది. పట్టుచీర కోసం చట్టం రాసుకున్న దేశం మనది!

ఆఖరి ప్రశ్న! పరాయి గడ్డ మీద స్థిరపడి, లైసెన్స్ గొడవే లేకుండా పౌరసత్వం కొట్టేసిన విదేశీయుడెవరు? మన బుల్లెట్ బండే! రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టింది ఇంగ్లాండ్‌లో, మొదటి మోటార్ సైకిల్ 1901లో. 1955లో మద్రాసు వచ్చి, ఆ తర్వాత ఇక్కడే తయారీ. అక్కడి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, ఇక్కడిది మాత్రం ఆగలేదు. ఇప్పుడు ఇక్కడ తయారైన బళ్లే ఇంగ్లాండ్‌లో అమ్ముతున్నారు. వీసా మీదొచ్చి, పుట్టింటికే ఎగుమతులు చేస్తున్న అల్లుడు ఇంకెవరున్నారు?